ఉత్తరాంధ్ర గగనతల వర్గీకరణ

గగనతల వర్గీకరణ అనగా ఒక దేశపు ఆకాశాన్ని భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగంలో ఏయే విమానాలు ఎగురవచ్చునో, వాటికి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ నుండి ఎటువంటి సేవ లభించునో, విమానాల మధ్య ఎడం పాటించే బాధ్యత ఎవరిదో ముందుగా నిర్ణయించే పద్ధతి. ఈ వ్యాసం ఆ పద్ధతిని ఆంధ్ర ప్రదేశ్ ఉత్తర భాగానికి, ముఖ్యముగా పార్వతీపురం, సాలూరు, కురుపాం, అరకు లోయలతో కూడిన తూర్పు కనుమల మన్యానికి అన్వయించి వివరిస్తుంది. ఈ ప్రాంతంలో ఒకవైపు నౌకాదళపు విమాన స్థావరము, తీరం వెంట పౌర విమానాశ్రయాలు ఉండగా, మరొకవైపు రాడార్ చూపు అందని కొండలు, లోయలు ఉన్నాయి. తీరాన ప్రధానమైన ముప్పు విమానాలు ఒకదానినొకటి ఢీకొనడం. కొండలలో ప్రధానమైన ముప్పు కొండను ఢీకొనడం, వాతావరణంలో చిక్కుకోవడం, కూలిన తరువాత జాడ తెలియక పోవడం. ఈ రెండు ముప్పులకు ఒకే మందు పనిచేయదు.

నేపథ్యం

విమానయానపు తొలి రోజులలో పైలట్లు కళ్ళతో చూసి ఒకరినొకరు తప్పించుకొనేవారు. విమానాల వేగం పెరిగిన కొద్దీ ఈ పద్ధతి చాలలేదు. 1956 జూన్ 30న అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ మీద నియంత్రణ లేని గగనతలంలో రెండు ప్రయాణికుల విమానాలు ఢీకొని 128 మంది మరణించారు. ఈ దుర్ఘటన తరువాతనే 1958లో ఆ దేశపు వైమానిక చట్టం వచ్చి, ఒకే జాతీయ సంస్థ క్రిందకు గగనతల నిర్వహణ చేరింది.

అయితే ఒక్కొక్క దేశం తన గగనతలానికి ఒక్కొక్క రకమైన పేర్లు, నియమాలు పెట్టుకొన్నందున సరిహద్దు దాటిన పైలట్‌కు తికమక ఉండేది. దీనిని తొలగించుటకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన ఒప్పందపు 11వ అనుబంధంలో ఎ నుండి జి వరకు ఏడు వర్గాలను నిర్వచించింది. అమెరికా 1993 సెప్టెంబరులో ఈ అక్షరాల పద్ధతికి మారింది. ఏ దేశమూ ఏడు వర్గాలనూ వాడవలసిన పనిలేదు. తనకు కావలసిన వాటిని ఎంచుకోవచ్చును. కాని ఎంచుకొన్న అక్షరానికి అర్థం మాత్రం అన్నిచోట్లా ఒకటే ఉండాలి.

ఏడు వర్గాలు

విమానాలు రెండు రకాల నియమాలతో ఎగురుతాయి. పైలట్ బయటకు చూస్తూ, మేఘాలకు దూరంగా నడిపేవి దృశ్య నియమాల విమానాలు. పరికరాల ఆధారంగా, మేఘాలలో కూడా నడిపేవి పరికర నియమాల విమానాలు. ఈ రెండింటినీ ఎలా కలిపి ఉంచాలన్న ప్రశ్నకు సమాధానమే వర్గీకరణ.

* ఎ వర్గం: పరికర నియమాల విమానాలకు మాత్రమే ప్రవేశం. అన్నింటి మధ్య కంట్రోలర్ ఎడం పాటింపజేస్తాడు.
* బి వర్గం: రెండు రకాలకూ ప్రవేశం ఉన్నది. అన్నింటి మధ్య ఎడం పాటింపజేస్తారు.
* సి వర్గం: పరికర నియమాల విమానాలను మిగిలిన అన్నింటి నుండి ఎడంగా ఉంచుతారు. దృశ్య నియమాల విమానాలకు తమలో తమ గురించి సమాచారం మాత్రమే ఇస్తారు.
* డి వర్గం: పరికర నియమాల విమానాల మధ్య మాత్రమే ఎడం. దృశ్య నియమాల విమానాల గురించి అందరికీ సమాచారం ఇస్తారు. ప్రవేశానికి ముందస్తు అనుమతి, రేడియో సంబంధం తప్పనిసరి.
* ఇ వర్గం: పరికర నియమాల విమానాల మధ్య ఎడం ఉన్నది. దృశ్య నియమాల విమానాలకు అనుమతి అవసరం లేదు. వాటి గురించి సమాచారం వీలైనంత మేరకే లభిస్తుంది.
* ఎఫ్ వర్గం: నియంత్రణ లేదు. పరికర నియమాల విమానాలకు సలహా సేవ ఉంటుంది.
* జి వర్గం: నియంత్రణ లేదు. కోరినవారికి విమాన సమాచార సేవ మాత్రమే లభిస్తుంది.

ఎ నుండి ఇ వరకు గల వర్గాలను నియంత్రిత గగనతలమని, ఎఫ్, జి వర్గాలను అనియంత్రిత గగనతలమని వ్యవహరిస్తారు. నియంత్రిత గగనతలంలో సాధారణంగా నిలువుగా 1000 అడుగులు, రాడార్ ఉన్నచోట అడ్డంగా 3 నుండి 5 నాటికల్ మైళ్ళ ఎడం పాటిస్తారు.

క్రింది వర్గాలలో రక్షణ ప్రధానంగా పైలట్ చూపుపై ఆధారపడి ఉన్నది. దీని పరిమితి చిన్న లెక్కతో తెలుస్తుంది. దృశ్య నియమాలకు 10,000 అడుగుల లోపు కనీసం 5 కిలోమీటర్ల మేర కనుచూపు ఉండాలి. 250 నాట్ల వేగంతో రెండు విమానాలు ఎదురెదురుగా వస్తే 5 కిలోమీటర్ల దూరం దాదాపు 19 సెకన్లలో హరించిపోతుంది. ఎదుటి విమానాన్ని గమనించి, గుర్తించి, పక్కకు తిప్పి, విమానం స్పందించుటకు సుమారు 12 సెకన్లు పట్టునని అంచనా. 140 నాట్ల వేగంతో వచ్చే రెండు హెలికాప్టర్లకు అదే దూరంలో దాదాపు 35 సెకన్లు దొరుకుతాయి. కావున ఒకే అక్షరం గల గగనతలం వేగాన్ని బట్టి ఒకరికి సురక్షితము, మరొకరికి ప్రమాదకరము కావచ్చును.

భారతదేశంలో వర్గీకరణ

భారత గగనతలం ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా అనే నాలుగు విమాన సమాచార ప్రాంతాలుగా విభజించబడినది. గౌహతి ఉపప్రాంతముగా ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్‌లోని విమానాశ్రయాలు చెన్నై ప్రాంతానికి, పొరుగున ఉన్న ఒడిషా విమానాశ్రయాలు కోల్‌కతా ప్రాంతానికి చెందుతాయి. 1995 ఏప్రిల్ 1న ఏర్పడిన భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ పౌర విమానాల నియంత్రణను నిర్వహిస్తుంది. నియమాల అమలును పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది. చాలాకాలం ఈ రంగానికి ఆధారముగా ఉన్న 1934 నాటి విమానాల చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమం, 2024 వచ్చి, 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది.

భారత వైమానిక సమాచార సంపుటం ఏడు వర్గాలలో డి, ఇ, ఎఫ్, జి అనే నాలుగింటిని వాడుకలోనికి తెచ్చింది. విమానాశ్రయాల చుట్టూ ఉండే నియంత్రణ మండలాలు, టెర్మినల్ ప్రాంతాలు డి వర్గంలోనికి, వాటి వెలుపల ఉన్న విమాన మార్గాలు లభించే సేవను బట్టి ఇ లేదా ఎఫ్ వర్గంలోనికి, మిగిలినదంతా జి వర్గంలోనికి వస్తాయి.

ఇక్కడ అక్షరం ఒక్కటే చూస్తే సరిపోదు. భారతదేశంలో సాధారణంగా 15,000 అడుగుల మట్టానికి పైన దృశ్య నియమాలతో ఎగురుటకు అనుమతి లేదు. సూర్యాస్తమయం తరువాత 20 నిముషాల నుండి సూర్యోదయానికి 20 నిముషాల ముందు వరకు కూడా ఈ నిషేధం వర్తిస్తుంది. అనగా పై ఎత్తులలో డి అని వ్రాసి ఉన్నా, ఆచరణలో అది ఎ వర్గం వలె పనిచేస్తుంది. రాత్రివేళ క్రింది ఎత్తులలోనూ ఇదే పరిస్థితి. ఒక ప్రాంతపు నిజమైన రక్షణ స్థాయిని తెలుసుకొనుటకు వర్గపు అక్షరాన్ని, దానికి తోడైన నియమాలను, అక్కడ పనిచేసే రేడియో, రాడార్ సదుపాయాలను కలిపి చూడవలెను.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద సౌదీ అరేబియా, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. ఆ రెండు విమానాలూ నియంత్రిత గగనతలంలో, ఒకే కంట్రోలర్ పర్యవేక్షణలో ఉన్నాయి. తనకు కేటాయించిన ఎత్తును ఒక విమానం వదలి క్రిందికి దిగడం ప్రధాన కారణమని విచారణలో తేలింది. విమానపు ఎత్తును కంట్రోలర్ తెరపై చూపగల రాడార్ అప్పటికి అక్కడ వాడుకలో లేదు. తరువాత రాకపోకలకు వేర్వేరు మార్గాలు ఏర్పరచారు. ఢీకొనే ముప్పును పైలట్‌కు హెచ్చరించే పరికరాన్ని విమానాలలో తప్పనిసరి చేశారు. వర్గం ఎంత ఉన్నతమైనదైనా, దానికి తగిన పరికరాలు లేనిచో అది కాగితం మీది రక్షణగానే మిగులునని ఈ ఘటన చూపినది.

ఉత్తరాంధ్ర గగనతలం

తీర ప్రాంతం

విశాఖపట్నం విమానాశ్రయం భారత నౌకాదళానికి చెందిన ఐ.ఎన్.ఎస్. డేగ స్థావరంలో భాగం. ఈ స్థావరం 1991 అక్టోబరులో ప్రారంభమైనది. పౌర విమానాలు 3,050 మీటర్ల రన్‌వేను నౌకాదళంతో పంచుకొంటాయి. ఇక్కడ విమానాల రాకపోకల నియంత్రణ నౌకాదళం చేతిలో ఉన్నది. రన్‌వే చుట్టుప్రక్కల కొండలు ఉన్నందున దిగే మార్గాలు పరిమితము. ప్రయాణికుల జెట్ విమానాలు, నౌకాదళపు గస్తీ విమానాలు, శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు ఒకే నియంత్రణ మండలంలో తిరుగుట వలన ఇక్కడ ఢీకొనే ముప్పును అదుపు చేయుటయే ముఖ్యమైన పని.

విశాఖపట్నం, విజయనగరంల మధ్య భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. దీని రన్‌వే పొడవు 3,800 మీటర్లు. ఇది డేగ స్థావరానికి ఆకాశమార్గాన చాలా దగ్గర. టెర్మినల్ ప్రాంతపు వ్యాసార్థంతో పోలిస్తే ఈ దూరం స్వల్పము. ఇటువంటి పొరుగు విమానాశ్రయాలకు వేర్వేరుగా గీతలు గీసి ఊరుకొనుటకు వీలులేదు. ఒకదాని నుండి లేచే మార్గం, రెండవదానికి దిగే మార్గం ఎక్కడ దాటునో, ఏ ఎత్తులో దాటునో, ఆ కూడలిపై అధికారం ఎవరిదో ముందే నిర్ణయించి, రెండింటినీ ఒకే రూపకల్పనగా చేయవలసి ఉంటుంది.

కొండ ప్రాంతం

పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. జిల్లా కేంద్రమైన పార్వతీపురం సముద్ర మట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తులో, నాగావళి పరీవాహక ప్రాంతంలో, విజయనగరం - రాయపూర్ రైలు మార్గంపై ఉన్నది. దీనికి పశ్చిమాన కొండలు వేగంగా పైకి లేస్తాయి. ఒడిషాలోని కోరాపుట్ జిల్లాలో గల దేవ్‌మాలి శిఖరం ఎత్తు 1,672 మీటర్లు, అనగా దాదాపు 5,490 అడుగులు. పరికర నియమాలతో పర్వత ప్రాంతంపై ఎగిరే విమానం చుట్టుప్రక్కల గల ఎత్తైన అడ్డంకికి కనీసం 2,000 అడుగుల పైన ఉండవలెను. ఈ లెక్కన దేవ్‌మాలి పరిసరాలలో మేఘాల నడుమ వెళ్ళే విమానానికి సుమారు 7,500 అడుగుల ఎత్తు కావాలి.

హెలికాప్టర్లు, చిన్న విమానాలు, డ్రోన్లు మాత్రం ఇంతకంటే క్రిందనే తిరుగుతాయి. 2022లో ఒడిషాలోని జయపురం విమానాశ్రయం నుండి విశాఖపట్నానికి, భువనేశ్వర్‌కు ఉడాన్ పథకం క్రింద తొమ్మిది మంది ప్రయాణికులు కూర్చునే ఒకే ఇంజను గల సెస్నా కారవాన్ విమానాలతో సేవలు ఆరంభమైనాయి. జయపురం, విశాఖల మధ్య ఆకాశమార్గం సుమారు 150 కిలోమీటర్లు. ఈ దారి అరకు, కోరాపుట్ కొండల మీదుగా సాగుతుంది. ఈ కొద్ది దూరంలోనే విమానం కోల్‌కతా ప్రాంతానికి చెందిన విమానాశ్రయం నుండి లేచి, చెన్నై ప్రాంతానికి చెందిన విమానాశ్రయంలో, నౌకాదళపు నియంత్రణలో దిగుతుంది.

రాడార్ చూపు

రాడార్ తరంగాలు సుమారుగా సరళ రేఖలో పయనిస్తాయి. భూమి వంపు వలన దూరం పెరిగిన కొద్దీ క్రింది ఎత్తులు రాడార్‌కు కనుమరుగౌతాయి. విశాఖపట్నం విమానాశ్రయం నుండి పార్వతీపురం ఆకాశమార్గాన సుమారు 65 నాటికల్ మైళ్ళు, అనగా 120 కిలోమీటర్లు. 100 అడుగుల ఎత్తున గల యాంటెన్నా నుండి ఇంత దూరంలోని విమానం కనబడవలెనంటే, మధ్యలో కొండలే లేవనుకొన్నా, ఆ విమానం సముద్ర మట్టానికి దాదాపు 1,800 అడుగుల పైన ఉండాలి. పార్వతీపురం నేల మట్టాన్ని తీసివేస్తే, పట్టణం మీద దాదాపు 1,400 అడుగుల లోపు ఎగిరే హెలికాప్టర్ ఆ రాడార్‌కు కనిపించదు. కొండలు అడ్డుగా ఉన్న లోయలలో ఈ హద్దు ఇంకా పైకి పోతుంది. అతి ఉన్నత పౌనఃపున్యంలో పనిచేసే రేడియో మాటలకు కూడా ఇదే పరిమితి వర్తిస్తుంది.

కావున ఈ లోయలను కాగితంపై డి లేదా సి వర్గముగా ప్రకటించినంత మాత్రాన ఒరిగేది లేదు. కంట్రోలర్ విమానాన్ని చూడలేడు, పైలట్ మాట వినలేడు. పైగా రేడియో అందని చోట అనుమతి తప్పనిసరి చేస్తే, అనుమతి కొరకు పైలట్ మేఘాలలోనికి ఎక్కవలసి రావచ్చును.

ముప్పు ఆధారంగా రూపకల్పన

ముప్పు ఆధారిత వర్గీకరణలో, ప్రమాదం జరిగే అవకాశము, జరిగితే కలిగే నష్టము అనే రెండింటినీ కలిపి అంచనా వేసి, అందుకు తగిన సేవను నిర్ణయిస్తారు. భద్రతా నిర్వహణ కొరకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 19వ అనుబంధాన్ని రూపొందించగా, అది 2013 నవంబరు నుండి వర్తించింది. పై ఎత్తులలో 1000 అడుగుల నిలువు ఎడానికి తగ్గించినపుడు, ఢీకొనుట వలన కలిగే ప్రాణాంతక ప్రమాదాలు వంద కోట్ల ఎగిరే గంటలకు ఐదుకు మించరాదని లక్ష్యంగా పెట్టుకొన్నారు. భారతదేశంలో ఈ తగ్గింపు 2003 నవంబరు 27న అమలులోనికి వచ్చింది.

రద్దీ తక్కువగా ఉండే కొండ ప్రాంతానికి ఇటువంటి సంఖ్యలు నేరుగా వర్తించవు. అందువలన ఈ క్రింది ప్రశ్నలకు సమాధానం వెదకుతారు.

* ఆ గగనతలంలో ఎన్ని విమానాలు, ఏ వేగాలతో, ఏ ఎత్తులలో తిరుగుతున్నాయి?
* ప్రయాణికులను తీసుకొనిపోయే విమానాలు అందులో ఉన్నాయా?
* నేల తీరు, వాతావరణం ఎటువంటివి?
* రేడియో, రాడార్ సదుపాయం ఏ ఎత్తు వరకు అందుతుంది?
* ప్రమాదం జరిగితే ఎంత సేపటిలో తెలుస్తుంది? ఎంత సేపటిలో అక్కడకు చేరవచ్చును?

చివరి ప్రశ్నను చాలా చోట్ల విస్మరిస్తారు. మన్యానికి అదే ముఖ్యము.

ఆంధ్ర ప్రదేశ్ అనుభవాలు

2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి.బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ భీమవరం నుండి హైదరాబాదు వస్తూ, కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలో కూలి ఆయన మరణించాడు. కనుచూపు సరిగా లేని ఉదయపు వేళ క్రిందికి దిగే ప్రయత్నంలో ఈ ప్రమాదం జరిగింది.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బెల్ 430 హెలికాప్టర్‌లో బయలుదేరగా, నల్లమల అడవుల మీద సంబంధం తెగిపోయింది. విస్తృతంగా గాలించిన తరువాత మరునాటి ఉదయం పావురాలగుట్ట వద్ద శకలాలు కనబడినవి. ఐదుగురు మరణించారు. హెలికాప్టర్‌లోని నూనె పీడనానికి సంబంధించిన హెచ్చరికను సరిచూచుటలో సిబ్బంది కొన్ని నిముషాలు నిమగ్నమై ఉండగా, తీవ్రమైన వాతావరణంలోనికి ప్రవేశించి అదుపు తప్పినదని విచారణ సంఘం నిర్ధారించింది.

ఈ రెండు దుర్ఘటనలలోనూ మరొక విమానం ప్రమేయం లేదు. గగనతలానికి ఏ అక్షరం ఉన్నా విమానాల మధ్య ఎడం పాటించే సేవ వీటిని ఆపగలిగేది కాదు. ఇటువంటి వాటికి ఉపయోగపడేవి రెండు సేవలు. మొదటిది దారిలోని వాతావరణాన్ని తాజాగా తెలిపే విమాన సమాచార సేవ. రెండవది అప్రమత్తత సేవ. ఈ సేవ ప్రకారం, రావలసిన సమయానికి విమానం నుండి సమాచారం రాక 30 నిముషాలు గడిస్తే అనిశ్చితి దశను ప్రకటిస్తారు. తరువాత క్రమంగా అప్రమత్త దశ, ఆపద దశలు వస్తాయి. గాలింపు బృందాలను కదిలించేది ఈ దశలే. జి వర్గంలో కూడా ఎగురుదల పథకాన్ని సమర్పించిన విమానాలకు ఈ సేవ లభిస్తుంది. కాని రేడియో అందని లోయలో విమానం మౌనంగా ఉండుట సహజమే కనుక, ఏ మౌనం ప్రమాదకరమో కంట్రోలర్‌కు తెలియదు. దీనిని సరిచేయుటకు గగనతలపు అక్షరం మార్చనవసరం లేదు. కొండలపై రేడియో పునఃప్రసార కేంద్రాలు, ఉపగ్రహం ద్వారా స్థానాన్ని తెలిపే పరికరాలు, ముందుగా నిశ్చయించిన సమాచార స్థానాలు కావలెను.

ఉపగ్రహ మార్గనిర్దేశం ఇందుకు మరొక సాధనము. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థలు కలసి నిర్మించిన గగన్ వ్యవస్థకు 2015లో నిలువు మార్గదర్శనంతో దిగే పద్ధతులకు ధ్రువీకరణ లభించింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ వద్ద ఒక ప్రయాణికుల విమానం ఈ పద్ధతిలో పరీక్షాత్మకంగా దిగింది. నేలమీద పరికరాలు నెలకొల్పుట కష్టమైన కొండ ప్రాంతాలకు ఈ పద్ధతి అనుకూలము.

సమరూపత

ఒకే స్థాయి ముప్పు ఉన్నచోట ఒకే వర్గం ఉండుటను సమరూపత అంటారు. ఒక ఊరిలో ఒక విధంగా, పొరుగు ఊరిలో మరొక విధంగా గీతలు ఉంటే పైలట్ నియమాలను గుర్తుంచుకొనుటకే శ్రమపడతాడు. ఒత్తిడి వలన గీసిన గీతలు సమరూపతను చెడగొడతాయి.

ఆస్ట్రేలియాలో 2003 నవంబరులో అమెరికా పద్ధతిని అనుసరించి కొన్ని ప్రాంతాలను సి వర్గం నుండి ఇ వర్గానికి మార్చారు. స్థానిక ముప్పు అంచనా సరిగా జరగలేదన్న విమర్శలు రాగా 2004 నవంబరులో ఆ మార్పులలో కొన్నింటిని వెనుకకు తీసుకొన్నారు. తరువాత 2007లో గగనతల చట్టం చేసి, సేవను అందించే సంస్థ చేతినుండి వర్గీకరణ అధికారాన్ని భద్రతా నియంత్రణ సంస్థకు అప్పగించారు. సేవ చేసేవారు, హద్దులు గీసేవారు వేరువేరుగా ఉండాలన్నది దీని సారాంశము.

తెలుగునాట ఈ చర్చ తిరుమల విషయంలో వినబడుతుంది. ఆగమశాస్త్ర నియమాలు, భక్తుల మనోభావాలు, భద్రత కారణాలుగా తిరుమల కొండపై విమానాలు ఎగురకుండా నిషేధించవలెనని తిరుమల తిరుపతి దేవస్థానం పలుమార్లు కోరింది. 2025 మార్చిలో కూడా దేవస్థానం అధ్యక్షుడు కేంద్ర పౌర విమానయాన మంత్రికి లేఖ వ్రాశాడు. తిరుపతి విమానాశ్రయం రేణిగుంటలో, కొండకు సమీపంలోనే ఉన్నందున దాని రాకపోకల మార్గాలను కూడా పరిశీలించవలసి ఉంటుంది. నిషిద్ధ, పరిమిత, ప్రమాద ప్రాంతాలు అనే మూడు విభాగాలు ఎ నుండి జి వరకు గల వర్గాలకు భిన్నమైనవి. ఢిల్లీలోని రాష్ట్రపతి భవన్ పరిసరాలు నిషిద్ధ ప్రాంతానికి ఉదాహరణ. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాల సమయంలో పైలట్లకు ముందుగా ప్రకటన ఇచ్చి నిర్ణీత ప్రాంతాన్ని తాత్కాలికంగా మూసివేస్తారు. ప్రయోగం ముగియగానే తిరిగి తెరుస్తారు. ముప్పు ఉన్నంత కాలమే నిషేధం ఉండుట దీనిలోని మంచి లక్షణం.

సైనిక గగనతలాన్ని అవసరం లేనపుడు పౌర విమానాలకు వదలిపెట్టే విధానం కూడా ఇటువంటిదే. భారత గగనతలంలో 60 శాతం మాత్రమే పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉన్నదని, ఆంక్షలు సడలిస్తే సంవత్సరానికి సుమారు 1,000 కోట్ల రూపాయలు ఆదా అగునని 2020 మే నెలలో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించింది.

డ్రోన్లు, మన్యం

2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాలు క్రింది గగనతలానికి మూడు రంగులను కేటాయించాయి.

* ఆకుపచ్చ మండలం: ఇతర రంగులు లేనిచోట నేలకు 400 అడుగుల ఎత్తు వరకు. విమానాశ్రయపు హద్దుకు 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు. ఎగురుటకు అనుమతి అవసరం లేదు.
* పసుపు మండలం: పై ఎత్తులకు మించిన భాగం. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి.
* ఎరుపు మండలం: కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగురరాదు.

అంతకు ముందు విమానాశ్రయాల చుట్టూ 45 కిలోమీటర్ల వరకు ఉన్న పసుపు మండలాన్ని 12 కిలోమీటర్లకు తగ్గించుట ముప్పు ఆధారిత ఆలోచనకు నిదర్శనము. రాష్ట్ర ప్రభుత్వాలు జిల్లా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ద్వారా 96 గంటలకు మించకుండా తాత్కాలిక ఎరుపు మండలాన్ని ప్రకటించవచ్చును. ఏ మండలం ఎక్కడ ఉన్నదో డిజిటల్ స్కై పటంలో చూచుకొనవలెను.

రోడ్డు లేని మన్యం గూడేల నుండి రోగులను, గర్భిణులను డోలీలలో మోసుకొని రావడం పార్వతీపురం, సీతంపేట గిరిజన ప్రాంతాలలో తరచు వార్తలలోనికి వచ్చే విషయం. డోలీకి డ్రోన్ బదులు కాజాలదు. కాని మందులు, పాము కాటు విరుగుడు, రక్త నమూనాలు చేరవేయుటలో అది గంటలను నిముషాలుగా మార్చగలదు. 2021 సెప్టెంబరు 11న తెలంగాణలోని వికారాబాదులో డ్రోన్ల ద్వారా మందులు పంపే ప్రయోగం ఆరంభమైనది. 2024 అక్టోబరు 29న మంగళగిరి ఎయిమ్స్‌లో డ్రోన్ సేవను ప్రారంభించారు.

కొండలలో 400 అడుగుల నియమం చిక్కులు తెస్తుంది. ఈ ఎత్తును బయలుదేరిన చోటు నుండి కాక, డ్రోన్ క్రింద ఉన్న నేల నుండి లెక్కించాలి. 150 మీటర్ల ఎత్తు గల లోయ నుండి 700 మీటర్ల ఎత్తు గల గూడేనికి పోయే డ్రోన్ కొండ వాలును అనుసరిస్తూ ఎక్కవలెను. తిరుగు ప్రయాణంలో అదే ఎత్తులో నేరుగా లోయ మీదికి వస్తే, అది నేలకు 1,800 అడుగుల ఎత్తున, హెలికాప్టర్లు తిరిగే భాగంలో ఉంటుంది. జనావాసాలు లేనిచోట మనుషులున్న విమానాలకు కనీస ఎత్తు 500 అడుగులు. అనగా కాగితంపై రెండింటి మధ్య 100 అడుగుల ఎడం మాత్రమే ఉన్నది. హెలికాప్టర్ గాలి పీడనం ద్వారా, డ్రోన్ ఉపగ్రహం ద్వారా ఎత్తు కొలుచుట వలన వచ్చే తేడాకే ఈ 100 అడుగులు ఖర్చు కావచ్చును. ఇక హెలికాప్టర్ దిగేటపుడు, లేచేటపుడు ఈ పాటి ఎడం కూడా ఉండదు.

పార్వతీపురం ప్రాంతానికి అన్వయం

పై విషయాలను కలిపి చూస్తే, ఈ ప్రాంతపు గగనతలాన్ని ముప్పును బట్టి మూడు పొరలుగా అర్థం చేసుకొనవచ్చును. మొదటిది నేల నుండి 400 అడుగుల వరకు గల డ్రోన్ల పొర. ఇక్కడ ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాల మధ్య నిర్ణీత దారులు, హెలికాప్టర్ వచ్చినపుడు డ్రోన్లను వెంటనే దింపే ఏర్పాటు ప్రధానము. రెండవది అక్కడ నుండి రాడార్ చూపు మొదలయ్యే ఎత్తు వరకు గల లోయల పొర. ఇక్కడ నియంత్రణ కంటే వాతావరణ సమాచారము, స్థానాన్ని తెలిపే పరికరాలు, త్వరిత గాలింపు ముఖ్యము. మూడవది రాడార్ చూపు అందే పై పొర. జయపురం వంటి చోట్ల నుండి వచ్చే ప్రయాణికుల విమానాలు విశాఖ, భోగాపురం టెర్మినల్ ప్రాంతాలలోనికి ప్రవేశించే ఈ భాగంలో ఎడం పాటించే నియంత్రణ అవసరము.

రద్దీ పెరిగితే పొరల హద్దులు మారవలెను. అందుకే గగనతల వర్గీకరణను ఒకసారి చేసి వదలివేయక, నియమిత కాలానికి తిరిగి సమీక్షిస్తారు. సమీక్షలో విమానాల సంఖ్యతో పాటు, ఏ లోయలో రేడియో అందలేదు, ఎక్కడ పైలట్లు మేఘాల వలన వెనుకకు మరలినారు, గల్లంతైన విమానపు జాడ తెలియుటకు ఎంత సమయం పట్టింది అన్న వివరాలు కూడా లెక్కలోనికి వచ్చినపుడే వర్గపు అక్షరానికి, నేలమీది వాస్తవానికి పొంతన కుదురుతుంది.

ఇవి కూడా చూడండి

* పార్వతీపురం మన్యం జిల్లా
* విశాఖపట్నం విమానాశ్రయం
* ఐ.ఎన్.ఎస్. డేగ
* తూర్పు కనుమలు
* గగన్
* భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ